ప్రసంగాల దొంగ

దొంగ ఇంట్లోనే ఉన్నాడని పాస్టరు అబ్రహాం తేల్చేశాడు. ఇంట్లో ఉన్నది ఆయనా, భార్య రూబీ, ఆవిడ తమ్ముడు బెన్హర్. వేలు ఎటు తిరుగుతుందో వేరే చెప్పాలా? బావమరిది బతుకంటేనే దారిన పోయే నిందలన్నీ వచ్చి కూర్చునే అరుగు.

పోయినవి ప్రసంగాలు. అబ్రహాం ఆదివారం చెప్పబోయేదాన్ని రామతీర్థం అవతల శాంతికుమార్ అనే ముసలి పాస్టరు శుక్రవారం కూటంలోనే చెప్పేస్తున్నాడు. రెండు చోట్లకీ వెళ్లే గురమ్మ, అబ్రహాం నోరు తెరవగానే తర్వాతి ముక్క అందిస్తోంది. వెనక బల్లల మీద ఒకటే నవ్వులు.

"నా ప్రసంగాలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. దాన్ని తెచ్చి పెట్టింది నువ్వు. దొంగనైనా చూపించు, కొట్టైనా ఖాళీ చెయ్యి," అన్నాడు అబ్రహాం.

ఇంటి ముందు గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆ కొట్టే బెన్హర్‌కి కూడూ గుడ్డా.

మంచికి పోతే చెడు ఎదురైంది. పాత సామాన్ల కొట్లో పడున్న కంప్యూటర్‌ని తెచ్చి, లోపలి బూజూ చచ్చిన బొద్దింకలూ బ్రష్షుతో దులిపాడు. ఉన్న డిస్కుని ఉండనిచ్చి పక్కన ఇంకొకటి తగిలించాడు. తెరా కీబోర్డూ లేకుండా బీరువా పక్కన నిలబెట్టి, వైఫైకి కలిపి, ఇంటి సర్వర్ చేశాడు. పెళ్లి ఫొటోలు, పాటలు, ప్రసంగాలు, ఏది కావాలన్నా ఇంట్లో ఎవరి ఫోన్లోంచైనా తెరుచుకోవచ్చు. అప్పట్నుంచే అబ్రహాం ప్రసంగాలకి జనం కళ్లు తుడుచుకోవడం మొదలెట్టారు. అంతకుముందు ఆవలించేవాళ్లు.

బెన్హర్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. పాస్‌వర్డు మార్చాడు. ప్రసంగం పోయింది. వైఫై పీకేశాడు. పోయింది. ఆఖరికి బావ ఆ వారానిది చదువుకున్నాక, కంప్యూటర్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అదీ పోయింది.

"ఇంక దాసి లాభం నేదు బావా. పద, ఆ ముసలాయన్నే అడిగీద్దాం."

"ఒగ్గేయరా! దైవసేవకుడితో తగువేటి? నువ్వు కొట్టు ఖాళీ చేసీ. ఆయన్ని నేను క్షమించేస్తాను."

"బాగున్నాది సంబడం! తీసినోడికి క్షమాపణా, తియ్యనోడికి గెంటుడా? ఎక్కు బండి!"

అబ్రహాం ఎక్కాడు. ముసలాయన ఇంటి ముందు దిగాడు కూడా. హెల్మెట్ మాత్రం తీయలేదు.

శాంతికుమార్ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు.

"పాత సామాన్ల కొట్లో దొరికిన కంప్యూటర్‌లో దాసిన మా బావ ప్రసంగాలు నీకెలాగొస్తన్నాయి తాతా?" బెన్హర్ గేటులోంచే అందుకున్నాడు.

"ఏ ప్రసంగాలు నాయనా? నావి ఏటా అవే, ఏ వారానిది ఆ వారానికే, అదే వరస. కొత్తవి సెప్పవయ్యా అని మావోళ్లు పోరుతన్నారు కూడా."

"బుకాయించకు! పోయిన వారం సెప్పినదాంట్లో గేదె ఉందా నేదా? చంపావతి వరదలో కొట్టుకుపోయి, దూడ అరుపు ఇని ఎదురీదుకొచ్చిన గేదె! అది మా బావని కన్నతల్లి గేదె. మా అక్క కాపరానికి రాకముందే పోనాది ఆవిడ. ఆ ముక్క సెప్తూ మా బావ మైకు తడిసిపోయేలాగ ఏడిసేడు. నీకెక్కడిది ఆ గేదె?"

హెల్మెట్ మెల్లగా గేటు వైపు తిరిగింది.

శాంతికుమార్ చిక్కుడుకాయ పక్కన పెట్టి లోపలికి కేకేశాడు.

"అమ్మా, ఓపాలి ఇలాగ రా. నీ గేదెనడుగుతూ ఎవరో వచ్చారు."

ఆయన తల్లి, తొంభై ఏళ్ల గున్నమ్మ, కర్ర టకటకలాడించుకుంటూ బయటికొచ్చింది. లోపల్నుంచి అంతా విన్నట్టే ఉంది. బెన్హర్‌ని దాటుకుని వెళ్లి, హెల్మెట్ అద్దంలోకి తొంగి చూసింది.

"ఉల్లిపాయలకి ఆశపడి మావోడి కంప్యూటర్‌ని పాత సామాన్లోడికి ఇచ్చీసిన మాట నిజమే నాయనా, గానీ దాంతోపాటు నా గేదెని ఇయ్యనేదే!"