క్రేన్ అన్న నడుం

"గోడౌన్‌లో జారిపడ్డానంటున్నాడు. నువ్వు పక్కనే ఉన్నావట. చూశావా?" తలుపు వేసి అడిగాడు సూపర్‌వైజర్.

మేమంతా 'క్రేన్' అని పిలిచే అన్న, నడుం విరిగి మంచాన పడి, కంపెనీని నష్టపరిహారం అడిగాడు. మా హమాలీల్లో ఎవరు ఇల్లు మారినా సామాను ఎత్తడానికి ముందు పిలిచేది ఆయన్నే.

"లేదు సార్. అన్న ఇక్కడ పడలేదు."

"నీలాంటివాడు ఒక్కడున్నా చాలురా!" భుజం తట్టాడు. "మరెక్కడ పడ్డాడు?"

"తెలీదు సార్."

బయటికి రాగానే అన్న ఫోన్ చేశాడు.

"భయపడకు తమ్ముడూ. మీ కొత్తింటి మెట్ల మీద బీరువా పైనుంచి వదిలేసింది నువ్వేనని చచ్చినా చెప్పను. ఆసుపత్రి ఖర్చు నీ నెత్తిన పడుతుందనే గోడౌన్‌లో పడ్డానన్నాను. అవునూ, బీరువాకి సొట్టలేం పడలేదుగా?"