తలుపు తట్టని వడ్రంగిపిట్ట

అడవిలో ఒక చింతచెట్టుకి వడ్రంగిపిట్ట మూడు తొర్రలు తొలిచింది. ఒకటి తను ఉంచుకుని, ఒకటి రామచిలకకీ ఒకటి గోరింకకీ అద్దెకిచ్చింది.

ఇచ్చిందన్న మాటేగాని, వేళాపాళా లేకుండా లోపలికి దూరిపోయేది. గుడ్లు పొదుగుతున్న గోరింక ఉలిక్కిపడి లేచేది.

"ఒక్క మాట చెప్పి రా మామా!"

"నా తొర్రకి నేను చెప్పి రావాలా?"

వానలు పట్టాయి. పైన చిల్లుపడి నీళ్ళు కారుతుంటే గోరింక రెక్కలే గొడుగు చేసి గుడ్లు కాచుకుంది. మూడుసార్లు కబురు పెట్టినా వడ్రంగిపిట్ట పత్తా లేదు. వాన వెలిశాక మాత్రం, ఊరికే చూసిపోదామని మళ్ళీ చొరబడబోయింది.

గోరింక గుమ్మంలోనే నిలదీసింది. "పిలిస్తే రావు, పిలవకపోతే వస్తావు. పురుగు కోసమైతే పొద్దస్తమానం చెట్టు తడతావే, మాకోసం ఒక్కసారి తట్టలేవా?"

రామచిలక కిసుక్కున నవ్వింది. వడ్రంగిపిట్ట నెత్తిమీది ఎర్రకుచ్చు ఇంకా ఎర్రబడింది. ఆ పూటే జిగురు తెచ్చి చిల్లు పూడ్చింది.

వారం తిరిగాక టక్‌టక్‌మని చప్పుడు.

"ఎవరూ?"

"నేనే, ఓనర్ని. చిల్లు చూడ్డానికి రావచ్చా?"

"పిల్లలు ఇప్పుడే నిద్రపోయారు. సాయంత్రం రా మామా!"

"సరే తల్లీ" అని గొంతు తగ్గించింది వడ్రంగిపిట్ట. ఆ పూట పురుగుల కోసం పక్కచెట్టు తట్టుకుంది.