మిగిలిందంతా

కొత్త ఫ్లాట్‌లో ఏ గదికి ఎంత చోటు కావాలో గోడలే మర్యాదగా అడిగి జరిగేవి.

"వంటింటికి కనీసం ఎంత కావాలండీ?"

"మూడడుగులు చాలు," అంది దమయంతి మొహమాటంగా.

ఆమె భర్త పశుపతి, "హాలుకు మిగిలిందంతా!" అన్నాడు.

వారం రోజులు ఆమె పక్కకు తిరిగి చపాతీలు ఒత్తింది. కుక్కర్ తగిలి మోచేయి కాలింది.

"ఇల్లు ఎంత విశాలంగా ఉందోయ్!" అంటూ ఆయన సోఫాలో కాళ్లు బార్లా చాపాడు.

దమయంతి స్టవ్ కట్టేసి గోడవైపు తిరిగింది.

"వంటింటికి పద్దెనిమిది అడుగులు. అంగుళం తగ్గినా ఒప్పుకోను."

గోడలు వినయంగా కదిలాయి. ఆయనతో సహా సోఫా నిలువునా లేచింది.

"నా హాలేదీ?" అని పశుపతి కేకేశాడు.

"మీరు కనీసం ఎంతో చెప్పలేదు కదండీ," అంది గోడ. "ఏమీ మిగల్లేదు."