కాయని రాస్ప్‌బెర్రీలు

"రాస్ప్‌బెర్రీ మొక్కలు మూడేళ్లయినా కాయలేదండీ. ఈసారి వేరే రకం ఇవ్వండి," అని అడిగింది దెసంక, అరిల్యే సంతలో మొక్కలమ్మే ముసలాయనను.

"ఇప్పుడున్నది విలమెట్ రకమేనా? ఏటా మొదలంటా నరికేస్తున్నావా?" దెసంక తలూపింది. " ఇంకెక్కడి పళ్లమ్మా! అది నిరుడు లేచిన కొమ్మకే కాస్తుంది. నరకాల్సింది ఆ ఏడు లేచిన కొమ్మకే కాసే పోల్కా రకాన్ని."

దెసంక ఏమీ కొనకుండానే వెనుదిరిగింది. పెరట్లోకి విలమెట్ ఎంచి పెట్టింది పక్కింటి స్తానక్క. మంచు పడకముందే నేలమట్టంగా నరకమని ఏటా గుర్తుచేసిందీ ఆవిడే.

స్తాన తన తోటలో పళ్లు కోస్తోంది. దెసంకను చూడగానే గిన్నె నిండా పోసి, ఎప్పటిలాగే నవ్వుతూ అందించింది.

దెసంక అందుకోలేదు. "ఈ రకాన్ని నరక్కూడదని నీకు తెలీదా అక్కా?"

స్తాన మొహంలో నవ్వు ఆరిపోయింది. "తెలుసే. నీ పెరట్లోనే కాస్తే ఇంక నా గడప ఎందుకు తొక్కుతావు? ఆయన పోయాక నాతో నాలుగు మాటలాడేది నువ్వొక్కదానివే."

మోసం కన్నా ఆ మాటే దెసంకకు ఎక్కువ గుచ్చుకుంది.

"పళ్లు సంతలో బుట్టలకొద్దీ దొరుకుతాయి," అంది. "నేను నీకోసం వచ్చేదాన్ని అక్కా."