వాగు అవతల ఎవరూ లేరు

"వాగు అవతల ఎవ్వరు లేరు మేడం. గొర్లు తోలుకొని ఎప్పుడో కర్ణాటక దిక్కు పోయిండ్రు," అన్నాడు మొగులప్ప.

జనగణనకు వచ్చిన ప్రియదర్శిని టీచర్ ఫోన్ మీంచి తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి ఆగి, సరేనని మళ్లీ తల దించుకుంది. మొగులప్పకు కడుపు చల్లబడింది. ఇంత సులువుగా అయిపోతుందని ఆయనా అనుకోలేదు.

యాలాల్ మండలంలో ఆ ఊరికి పదేళ్లు సర్పంచ్‌గా చేసిన మనిషి ఆయన. ఇప్పుడు పదవి లేకపోయినా జనం సర్పంచ్ సాబ్ అనే పిలుస్తారు. లెక్క రాసే టీచర్‌కు పంచాయతీ తరఫున అన్ని విధాలా సాయం చేయాలని మండలాఫీసు నుంచి కాగితం వచ్చింది. చాటింపు వేయించాలి, కూర్చోవడానికి చోటు చూపించాలి, ఇళ్లు తెలిసిన మనిషిని తోడివ్వాలి. ఆ పని చేయాల్సిన పంచాయతీ ఉద్యోగి, కారోబార్ నర్సప్ప కాలు విరిగి మంచంలో ఉన్నాడు. పంచాయతీ కార్యదర్శి నిరోషా ఏం చేయాలో తోచక తల పట్టుకుంటే, మొగులప్పే తనంతట తాను వచ్చి నేను తిరుగుతానన్నాడు. అంత పెద్దమనిషి ఎండలో తిరుగుతానంటే ఆ అమ్మాయి మురిసిపోయింది.

ఆయన లెక్క ఆయనది. రోడ్డు రావాలన్నా, బడి రావాలన్నా, నీళ్ల ట్యాంకు కట్టాలన్నా ముందు అడిగేది జనం ఎంతమందని. వాగవతల ముప్పై గడపలు. అవి ఈసారి కాగితం మీదికి ఎక్కకపోతే ఇంకో పదేళ్లు ఏ ఆఫీసుకు పోయినా మీరెవరని అడుగుతారు. తను పోయాక కూడా నిలిచే పగ అది.

ఆ పగకు ఆరేళ్లు. ఆయన ఒక్కగానొక్క బిడ్డ మల్లీశ్వరి, ఆ వాడలో గొర్లు కాసే మల్లేశ్‌ను తాండూరులో పెళ్లి చేసుకుంది. కబురు తెలిసిన మర్నాడే మొగులప్ప గుండు గీయించుకున్నాడు. బతికున్న బిడ్డకు దినాలు చేసి ఊరంతటికీ అన్నం పెట్టాడు. అప్పుడింకా సర్పంచే కాబట్టి వాడకు పోయే నీళ్ల ట్యాంకర్‌ను ఆపించాడు. మంజూరైన రోడ్డును వాగు ఇవతలే నిలిపేశాడు. కంది కోశాక కూడా తన చేలల్లో వాళ్ల గొర్రె అడుగు పెట్టకుండా కంచె నాటించాడు.

బిడ్డ మీది బెంగతోనే భార్య భాగమ్మ రెండేళ్ల కింద కన్నుమూసింది. తల్లి ఆఖరి చూపు కోసం మల్లీశ్వరి వాగు దాటబోతే దారికి అడ్డంగా మనుషులను నిలబెట్టాడు. ఆమె ఆ ఒడ్డునే కూలబడి, చితి పొగ ఆగిపోయేదాకా చూసి వెనక్కి పోయిందట. ఆ సంగతి ఎవరో వచ్చి చెబితే మొగులప్ప వినిపించుకోలేదు. అప్పటినుంచి ఇంట్లో ఆయనొక్కడే. తన ముద్ద తనే వండుకుంటాడు.

గల్లీ తర్వాత గల్లీ తిరిగారు. గడపలో అడుగు పెట్టకముందే ఆ ఇంట్లో ఎందరో, ఎవరు పుణె పోయారో, ఎవరు పెద్దేముల్‌లో పని చేస్తున్నారో మొగులప్పే చెప్పేస్తున్నాడు. వాగవతలి ఊసెత్తొద్దని ముందురోజే అందరికీ గట్టిగా చెప్పి ఉంచాడు. ముసలి కాశమ్మ ఒక్కతే ఆ మాట మరిచిపోయింది.

"అవతలి వాడోళ్లను గూడ రాస్తున్రా బిడ్డా?" అని అడిగింది.

మొగులప్ప ఉరిమి చూశాడు. కాశమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

టీచర్ మాత్రం మెల్లగా, "అందర్ని రాస్తం అవ్వా," అంది.

మర్యాదకు అన్నదిలే అనుకున్నాడు మొగులప్ప.

పొద్దు వాలుతుండగా చివరి ఇల్లుగా ఆయనది మిగిలింది. నాపరాళ్ల అరుగు మీద ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ తెచ్చిచ్చాడు. ఎదురుగా తనూ కూర్చున్నాడు. ఆమె ప్రశ్నలు అడుగుతుంటే దర్జాగా జవాబులిచ్చాడు. పేరు మొగులప్ప. అరవై ఏడేళ్లు. భార్య లేదు. ఇంట్లో ఒక్కడే.

పిల్లలెవరూ లేరా అని ఆమె అడిగింది.

"ఒక బిడ్డ ఉండె. సచ్చిపోయింది." ఆరేళ్లుగా అడిగినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు. ఈసారి అది సర్కారు లెక్కలోకి ఎక్కుతుందని లోపల ఇంకాస్త తృప్తి కలిగింది.

ఫోన్ మీద కదులుతున్న టీచర్ వేలు ఆగింది. ఆయన తండ్రి పేరు అడిగింది. పెద్దయ్య అని చెప్పాడు. ఆమె తెరను వెనక్కి జరుపుకుంటూ పోయి ఒకచోట నిలిచింది.

"ఏమైంది మేడం?"

"ఒక మనిషి పేరు రెండిండ్లల్ల ఉండొద్దు సార్. ఒక్క దగ్గర తీసేయాలె."

మొగులప్ప నవ్వాడు. "నా పేరు ఇంకో ఇంట్ల ఎందుకుంటది? నన్ను మావోడని చెప్పేటోళ్లు ఎవలున్నరు?"

ప్రియదర్శిని మజ్జిగ గ్లాసును అరుగు మీద పెట్టింది.

"మీ బిడ్డ నిన్ననే మిమ్మల్ని వాళ్లింట్ల రాయించింది సార్."