గులాబీయా, నీలమా

"నీలం ఒచ్చీసింది!" అన్నాడు కొండలు, చిన్న గాజు గొట్టాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని.

"ఎక్కడొచ్చింది? ఇంకా గులాబీ రంగే ఉంది," అంది అతని భార్య వాసవీకుమారి.

హల్దియాపదర్‌లో వాళ్ళింటి ముందుగదిలో ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో బతికున్న పగడాలున్నాయి. పగడాలు పెరగాలంటే నీళ్ళలో కాల్షియం తగినంత ఉండాలి. అది చూడటానికే ఈ పరీక్ష. తొట్టి నీళ్ళు కాసిని గొట్టంలోకి తీసి పొడి కలిపితే గులాబీ రంగుకు తిరుగుతాయి. తర్వాత మందు చుక్కచుక్కగా వేస్తూ పోవాలి. నీలం రాగానే ఆపాలి. తక్కువ చుక్కలకే నీలం వచ్చిందంటే కాల్షియం తక్కువుందని అర్థం.

కొండలు ఎప్పుడు చూసినా తక్కువే వచ్చేది. అందుకని రోజూ కాల్షియం ద్రావణం పోస్తూనే ఉన్నాడు. అయినా పగడాల కొనలు పాలిపోతున్నాయి. మోటారు మీద సున్నంలాంటి పెచ్చు కట్టింది. ఇవాళ పొద్దున్నుంచి నీళ్ళు కూడా తెల్లగా మసకబారాయి.

అతను ద్రావణం సీసా అందుకోబోతే వాసవీకుమారి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంక పొయ్యకండి. నన్ను సూడనీండి."

గొట్టం లాక్కుని చుక్కలు వేస్తూ పోయింది. చాలాసేపటికి ఆపింది. "ఇదిగో, ఇదీ నీలం అంటే! కాల్షియం తక్కువేటి, ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువుంది."

"ఇందాకా ఇదే రంగు కదా! ఊరికే మందంతా పోసీసినావు," అన్నాడు కొండలు. అని, పక్క వాటాలో ఉండే మేనమామ గంగన్నను కేకేశాడు.

గంగన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. కొండలు మళ్ళీ కొత్తగా నీళ్ళు తీసి, పొడి కలిపి, నాలుగు చుక్కలు మందు వేసి, చూపించాడు. "మావా, ఇదేటి రంగు?"

"నీలం."

"బాబయ్యా, సరిగ్గా సూడండి!" అంది వాసవీకుమారి.

"సూసినానమ్మా. మన సోనేపూర్ సముద్రంలాగ ఉంది." గంగన్న ఆమె మొహంలోకి జాలిగా చూశాడు. "తల్లీ, తలనొప్పేటైనా వస్తందేటి నీకు?"

వాసవీకుమారికి ఒక్క క్షణం నిజంగానే అనుమానం వచ్చింది. ఇద్దరికిద్దరూ ఒకే మాట చెబుతుంటే తనొక్కతే ఎలా కరెక్టవుతుంది? తొట్టిలోకి చూసింది. నారింజ రంగు చేప నారింజగానే ఉంది. తన చేతి గాజులు ఆకుపచ్చగానే ఉన్నాయి.

ఇంతలో కొండలు మేకుకున్న స్కూటీ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "కల్లు సూపించుకున్నదాకా బండి ముట్టుకోకు. రోడ్డు మీద ఎర్రలైటు నీకు ఏ రంగులో అవుపిస్తందో ఏటో!"

ఆమెకు ఉక్రోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎల్దాం పదండి, ఇప్పుడే ఎల్దాం! నా కల్లు బాగున్నాయని తేలితే ఆ తొట్టి నాది. అందులో సుక్క మందు పొయ్యాలన్నా నన్నడగాల."

"సరే, అలాగే."

"నానూ వస్తాను, సాక్షికి," అన్నాడు గంగన్న.

వాసవీకుమారి ఆ గాజు గొట్టానికి మూత బిగించి సంచిలో వేసుకుంది. ముగ్గురూ ఆటో ఎక్కారు.

ఒడియా ఊరే అయినా కళ్ళ డాక్టరమ్మ తెలుగావిడే. వాసవీకుమారి చేత గోడ మీది అక్షరాలు ఆఖరి వరస దాకా చదివించింది. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం తిప్పితే, ప్రతి పేజీలోనూ అంకె ఠక్కున చెప్పేసింది.

"మీ కళ్ళకే లోటూ లేదమ్మా. ఎందుకొచ్చారసలు?"

వాసవీకుమారి భర్తనూ, అతని మేనమామనూ చూపించి, చేపల తొట్టి గొడవ చెప్పి, సంచిలోంచి గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని చూసి, మామా అల్లుళ్ళను అడిగింది: "ఇది ఏ రంగండీ?"

"నీలం!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

డాక్టరమ్మ పుస్తకం వాళ్ళవైపు తిప్పింది. "ఇందులో ఏ అంకె కనబడుతోంది?"

"అంకేటండి? అన్నీ సుక్కలే కదా," అన్నాడు కొండలు.

గంగన్న కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. "అచ్చు తప్పు పడిందేటో."

డాక్టరమ్మ నవ్వేసింది. "అచ్చు తప్పేం కాదు. కొందరు మగవాళ్ళకి పుట్టుకతోనే కొన్ని రంగుల తేడా తెలియదు. తల్లి వైపు నుంచి వస్తుంది. మేనమామకీ మేనల్లుడికీ ఇద్దరికీ ఉండటం వింతేమీ కాదు. చూపు పోయే భయం లేదు, దీనికి మందూ లేదు."

కొండలు మొహం వాడిపోయింది. "అయితే ఇన్నాల్లూ నాను పోసిందంతా..."

"ఎక్కువే. ఇంటికెల్లి కొద్దికొద్దిగా నీల్లు మారుద్దాం. కోలుకుంటాయిలెండి," అంది వాసవీకుమారి, చెయ్యి చాపుతూ. "ముందు నా తాళం ఇటివ్వండి."

అతను జేబులోంచి తీసి ఇచ్చేశాడు.

"చేపల తొట్టికైతే పరవాలేదు గానీ, రంగులతో పని ఉన్న వాళ్ళయితే కాస్త జాగ్రత్త పడాలి," అంటూ డాక్టరమ్మ చీటీ రాయబోయింది. "ఇంతకీ మీరిద్దరూ ఏం చేస్తుంటారు?"

మామా అల్లుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాసవీకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గోసాని నువాగాంలో షాపుందండి," అన్నాడు గంగన్న మెల్లగా. "ఆడోల్లు సీర తెస్తారు కదండి... దానికి మేచింగు జాకెట్టు గుడ్డ నానూ ఈడూ ఎతికి ఇస్తాం."

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. ఆవిడ నెమ్మదిగా తల వంచి, తన చీర వంకా, జాకెట్టు వంకా చూసుకుంది.