అన్నిటికంటే గట్టి మాట

"ఆపడానికి ఇంగ్లీషులో గట్టి మాట ఏదుంది, అయ్యవారూ?"

ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా నంద్యాలలో జ్ఞానప్రకాశం ఇంటికొచ్చాడు శేషయ్య. జేబులో పెన్ను. చంకలో ఇంగ్లీషు పేపరు. దొరలు పోయి పదేళ్లయినా ఆఫీసుల్లో ఇంగ్లీషు అర్జీకే విలువ.

"దేన్ని ఆపాల?"

"మా ఊరి చావిట్లో ఆడోళ్ల బడి. ప్రసన్నకుమారి అంట, మీ చర్చీ పిల్లే. ముసిలోళ్లకు అఆలు దిద్దిస్తాంది. మా వదిన కమలాక్షమ్మ గూడా పలక పట్టింది. అన్న పోయిన పదేండ్లకు, పొలం పట్టాలు తెమ్మంటాంది. చదవాలంట! ఎనుముకు కళ్లజోడు పెట్టినట్టుంది."

జ్ఞానప్రకాశం ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పినవాడు. వేళ్లు మడిచాడు.

"పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం. కాల్ ఆఫ్ అంటే రద్దు చెయ్యడం. షట్ డౌన్ అంటే మూసెయ్యడం. పుట్ డౌన్ అంటే అణిచెయ్యడం."

"ఆపేదానికి ఇన్నా! దొరలకు పనీపాటా లేదు. ఆ కడాది రాయి. అణిచేసేది."

"తెలిసినవారు, మీరే రాయకూడదా?"

"నాది దొరల దస్తూరీ అప్పా. ఆఫీసులో ఎవురికీ అర్థం కాదు."

అయ్యవారు రాసిచ్చాడు. శేషయ్య కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. తేదీ మీద వేలు పెట్టి మెచ్చుకున్నాడు.

"ఈడ బాగా కొట్టినావ్."

అయ్యవారు ఆ వేలి వంక చూశాడు. కాగితం వెనక్కి తీసుకుని చించేశాడు.

"ఉండండి. ఇంకా గట్టిగా రాస్తా."

రెండోదీ శేషయ్యకు నచ్చింది. అక్కడే ఖాయం చేసి, తన చేత్తోనే టపా డబ్బాలో వేశాడు.

నెల తిరక్కుండా ఆఫీసరు జీపులో ఊళ్లోకొచ్చాడు. ఆడవాళ్లు పలకలతో చావిడి ముందు చేరారు. ప్రసన్నకుమారి మొహం పాలిపోయింది. శేషయ్య మీసం దువ్వాడు.

"శేషయ్యగారూ, మీరు పెద్దమనసుతో కోరినట్టే, బడిని మీ ఇంటి వసారాలోకి మారుస్తున్నాం. ఇంకో పంతులమ్మను కూడా వేస్తున్నాం."

"నేనెప్పుడు కోరినా అట్ల!"

"ఇదిగో మీ అర్జీ. సాక్షి సంతకం ఒక్కటే తక్కువ. ఎవరైనా చెయ్యండి."

కమలాక్షమ్మ ముందుకొచ్చి, కలం అందుకుని, ఒత్తులు తప్పకుండా తన పేరు రాసింది, శేషయ్య వేలిముద్ర పక్కన.